దేశాన్ని కాచినవాళ్ళకు వైద్యం ఎంత దూరం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాతో, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేట్టు ఏదైనా టెక్నాలజీ గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు. సరేనన్నాను. కానీ ఈ రోజు సన్మానం అందుకుంటున్నవారి జాబితా చూశాక మనసు మార్చుకున్నాను. ఆ జాబితాలో డాక్టర్లు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, రైతులు ఉన్నారు. వాళ్ళతోపాటు మన బడిలో చదివి సైన్యంలో చేరి, రిటైరై ఊరికి వచ్చినవారు కూడా ఉన్నారు. వారికి శాలువా కప్పుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం. చాలా సంతోషం. అయితే రేపు వారికి గుండెనొప్పి వస్తే ఎక్కడికి పోవాలి, ఎవరిని అడగాలి, డబ్బు ఎవరు కట్టాలి అన్నది మనలో ఎంతమందికి తెలుసు? ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. ఇందులో కూడా ఇంజనీరు పని కొంత ఉంది.

మనది మిలిటరీ మాధవరం లాంటి ఊరు కాదు. పశ్చిమ గోదావరిలోని ఆ ఊళ్ళో ఇంటింటికీ ఒక సైనికుడు ఉంటాడని చెప్పుకుంటారు. మన పక్క అట్లా లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు పల్లెల్లో ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. వానలు లేక సుగ్గికి గుంటూరు పోయే కుటుంబాల నుంచి, మగ్గం మీద బతికే ఇళ్ళ నుంచి, రెండెకరాల మెట్ట ఉన్న ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. ఇట్లా చెదురుమదురుగా ఉండడం వల్ల వాళ్ళ గొంతు ఎవరికీ వినపడదు. నలుగురూ ఒకచోట ఉంటే సంఘం అవుతుంది. ఊరికొకరు ఉంటే, "మిలిట్రీ ఆయన" అన్న పేరు తప్ప ఇంకేమీ ఉండదు.

2009 అక్టోబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. ఏటి ఒడ్డు పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పుడు పడవలేసుకుని సైన్యం వచ్చింది. వచ్చిన జవాన్లది ఏ రాష్ట్రమో, ఏ భాషో మనం అడగలేదు. వాళ్ళు కూడా మనది ఏ ఊరో అడగలేదు. అట్లాంటి జవానే రిటైరై ఏదో ఒక పల్లెకు చేరతాడు. అక్కడ అతనికి వైద్యం అందుతుందా లేదా అన్నది ఆ పల్లె సమస్య మాత్రమే కాదు.

ముందుగా ఉన్న ఏర్పాటు ఏమిటో చెబుతాను. 2003కు ముందు రిటైరైన సైనికుడికి సమగ్రమైన వైద్య పథకం లేదు. మిలిటరీ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉంటే చూసేవారు. మనకు దగ్గరలో పెద్ద మిలిటరీ ఆసుపత్రులంటే ఒకటి సికింద్రాబాదులో, ఒకటి బెంగళూరులో. సి.బెళగల్ నుంచి అంత దూరం పోగలిగినవాడు ఎంతటి రోగి అయ్యుంటాడో మీరే ఆలోచించండి. మాజీ సైనికులు ఏళ్ళ తరబడి అడగగా అడగగా 2003 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. దాని పేరు మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకం. అందరూ ఇ.సి.హెచ్.ఎస్. అంటారు.

పేరులోనే 'చందా' ఉంది చూడండి. ఇది ఉచితం కాదు. రిటైరయ్యేటప్పుడు ఒకేసారి చందా కట్టాలి. ఏడవ వేతన సంఘం తర్వాతి లెక్క ప్రకారం సిపాయి నుంచి హవల్దారు వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు వరకు 67,000, అధికారులైతే 1,20,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారికి మాత్రం చందా మినహాయించారు. చందా కట్టినవారికి, వారి భార్యకు లేదా భర్తకు, వారి మీద ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు జీవితాంతం నగదు లేని వైద్యం అందాలి. చిన్న జబ్బులకు పాలీక్లినిక్. పెద్ద జబ్బులకు అక్కడి డాక్టరు రాసిచ్చే రిఫరల్ కాగితం పట్టుకుని మిలిటరీ ఆసుపత్రికి గానీ, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి గానీ పోవాలి. ఇప్పుడు దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. సభ్యులు, వారి మీద ఆధారపడినవారు కలిసి సుమారు 60 లక్షల మంది. 2019లో రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, షార్ట్ సర్వీసు అధికారులకు కూడా ఇందులో చోటిచ్చారు.

ఇది మంచి పథకం. ఆ మాట మొదటే చెప్పాలి. దీనివల్ల గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికినవారు ఉన్నారు, డయాలసిస్ మీద ఏళ్ళు నడిపినవారు ఉన్నారు. నేను దీన్ని తిట్టడానికి రాలేదు. మంచి పథకం మెల్లమెల్లగా అరిగిపోతుంటే చూస్తూ ఊరుకోకూడదని చెప్పడానికి వచ్చాను.

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. పేరు చెబితే వాడికి నచ్చదు, చెప్పను. ఇంటర్ అయ్యాక సైన్యంలో చేరి, 24 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఊళ్ళో సేద్యం చేసుకుంటున్నాడు. ఒకనాటి రాత్రి ఛాతీలో నొప్పి వస్తే అన్నదమ్ములు కారులో కర్నూలు తీసుకుపోయారు. ఒప్పందం ఉందని అందరూ అనుకుంటున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, "బిల్లులు రావడం లేదు, ఇప్పుడు ఆ కార్డు మీద చేర్చుకోవడం లేదు" అన్నారు. వాడి భార్య నాకు ఫోన్ చేసి, "అన్నా, కార్డు చూపిస్తే చెల్లదంటున్నారు. ఏం చేయమంటావు?" అని ఏడ్చింది. ఇంకో ఆసుపత్రిలో డబ్బు కట్టి చేర్చారు. ఆ డబ్బు ఆమె మెడలోది, చేతులదీ కుదువ పెడితే వచ్చింది. స్టెంటు వేశారు, ప్రాణం నిలిచింది.

ఒప్పందం లేని ఆసుపత్రిలో అత్యవసరంగా చేరితే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్క ఊరి మాజీ సైనికుడొకాయన విని, పరుగున పోయి తెలియజేయబట్టి సరిపోయింది. తర్వాత బిల్లులు పెట్టారు. కొన్ని నెలలకు డబ్బు వచ్చింది. అదీ ఆసుపత్రి వేసిన బిల్లు ప్రకారం కాదు, ప్రభుత్వ రేటు ప్రకారం. తేడా వాడి నెత్తిన పడింది. నేను చూడడానికి పోయినప్పుడు వాడొక మాట అన్నాడు: "డబ్బు పోయిందని కాదురా. చందా కట్టిన వైద్యాన్ని అడుక్కున్నట్టయింది. అదే బాధ."

ఎందుకిట్లా జరుగుతున్నది? ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదా అంటే, కాగితం మీద ఇస్తూనే ఉంది. ఈ పథకానికి 2024-25 బడ్జెట్‌లో 6,968 కోట్లు, 2025-26లో 8,317 కోట్లు పెట్టారు. ఏటికేడు పెరుగుతున్నది. మరి చివర ఉన్న మనిషికి ఎందుకు చేరడం లేదు?

మన పక్క వాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. తుంగభద్ర డ్యాము నిండిందని పేపర్లో వస్తుంది. ఎల్.ఎల్.సి. చివరి ఆయకట్టు రైతు పొలంలోకి మాత్రం నీళ్ళు రావు. డ్యాము కట్టినప్పుడు 130 టి.ఎం.సి.లకు పైగా పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105 టి.ఎం.సి.లు పడుతున్నది. దారిలో ఎగదోపిడీ, కాలువ గండ్లు, తూముల లెక్కలు. డ్యాములో ఎంత ఉందన్నది ఒక లెక్క, చివరి మడికి ఎంత చేరిందన్నది ఇంకో లెక్క. వైద్యం విషయంలో కూడా అంతే. ఎక్కడెక్కడ కారిపోతున్నదో నాకు అర్థమైనంతలో నాలుగు చోట్లు చెబుతాను.

మొదటిది పాత బాకీ. ఏటా సుమారు 60 వేల మంది సైనికులు రిటైరై ఈ పథకంలోకి వస్తారు. ముందునుంచి ఉన్నవారికి వయసు పెరుగుతుంది. వయసుతోపాటు ఖర్చు పెరుగుతుంది. కొత్త ఏడాది డబ్బులో కొంత భాగం పాత ఏడాది బిల్లులకే పోతే, ఏడాది చివరికి మళ్ళీ బాకీ మిగులుతుంది. బకాయిలు రావడం లేదని ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు బహిరంగంగానే ఎన్నోసార్లు చెప్పాయి. ఆసుపత్రికి డబ్బు ఆగితే అది సర్కారు మీద కేసు వేయదు, రోగిని వెనక్కి పంపుతుంది.

రెండోది రేట్లు. ఈ పథకంలో ఆసుపత్రులకు సి.జి.హెచ్.ఎస్. రేట్ల ప్రకారం చెల్లిస్తారు. చాలా చికిత్సలకు 2014 నాటి రేట్లే పదేళ్ళకు పైగా నడిచాయి. 2025 అక్టోబరులో గానీ వాటిని పెద్ద ఎత్తున సవరించలేదు. పదేళ్ళనాటి ధరకు ఈ రోజు సిమెంటు బస్తా ఇవ్వమంటే ఏ దుకాణదారుడైనా ఇస్తాడా? మంచి ఆసుపత్రులు ఒప్పందం నుంచి తప్పుకుంటాయి. మిగిలినవాటిలో కొన్ని బిల్లు ఎక్కువ రాసి సరిచేసుకోవాలని చూస్తాయి. దాన్ని పట్టుకోవడానికి తనిఖీలు పెంచుతారు. తనిఖీలు పెరిగితే నిజాయితీగా రాసిన బిల్లు కూడా ఆలస్యమవుతుంది. ఆసుపత్రుల తప్పు లేదని నేను అనడం లేదు. ఈ పథకం మీద కాగ్ ఆడిట్ 2015లోనే బిల్లుల్లోని లోపాలనూ, పాలీక్లినిక్‌లలో మందుల కొరతనూ రెండింటినీ ఎత్తిచూపింది. పదేళ్ళు గడిచినా అవే మాటలు వినవస్తున్నాయంటే రోగం కుదరలేదనే అర్థం.

మూడోది మనుషులు, మందులు. పాలీక్లినిక్ డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఏడాదికేడాది రెన్యువల్. బయట ఇంతకంటే మంచి అవకాశం దొరికితే ఎవరుంటారు? రోగికి అలవాటైన డాక్టరు మారిపోతాడు. బి.పి., షుగరు మందులు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు. లేని మందు బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవచ్చని నియమం ఉంది. కానీ 400 రూపాయల మాత్రల కోసం బిల్లు, ప్రిస్క్రిప్షను, ఫారాలు పట్టుకుని తిరగడం 80 ఏళ్ళ ముసలాయన వల్ల అవుతుందా? తిరగలేక కొందరు తమ డబ్బుతోనే కొంటారు. కొందరు మందు మానేస్తారు. ఆ మానేసినవాళ్ళే రెండేళ్ళకు పక్షవాతంతోనో కిడ్నీ జబ్బుతోనో పెద్ద ఆసుపత్రికి వస్తారు. 400 రూపాయల దగ్గర మిగిల్చిన డబ్బు అక్కడ లక్షల్లో పోతుంది.

నాలుగోది దూరం. మన పల్లెల నుంచి కర్నూలు పాలీక్లినిక్‌కు పోవాలంటే పొద్దున మొదటి బస్సు పట్టుకోవాలి. డాక్టరును చూసి, రిఫరల్ రాయించుకుని, మందులు తీసుకుని వచ్చేసరికి పొద్దు గూకుతుంది. రిఫరల్ తీసుకుని ఆసుపత్రికి పోవడం ఇంకో రోజు. తోడు వచ్చిన కొడుకుకు రెండు రోజుల కూలీ పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఒక అవ్వ నాతో నవ్వుతూ, "నాకు టికెట్టు లేదు నాయనా, దేశాన్ని కాచినాయనకే టికెట్టు" అన్నది. నవ్వుతాలుకు అన్నా అందులో లెక్క ఉంది. ఇక భర్త పోయి ఒంటరిగా ఉన్న అవ్వలకైతే ఇంకా కష్టం. డిశ్చార్జి బుక్కులో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, పి.పి.ఓ.లో మరో తీరు. అక్షరం తేడా ఉంటే కార్డు పని ఆగిపోతుంది.

ఈ బాధ మన దేశానికే ఉందని అనుకోకండి. అమెరికాలో మాజీ సైనికులకు ప్రభుత్వమే సొంత ఆసుపత్రులు నడుపుతుంది. 2014లో ఫీనిక్స్ నగరంలోని వారి ఆసుపత్రిలో రోగులు నెలల తరబడి ఎదురుచూస్తుంటే, ఆ సంగతి బయటికి కనపడకుండా దొంగ లెక్కలు రాశారని బయటపడింది. ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకీ రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత 2018లో చట్టం చేసి, దాని కింద ఒక కొలబద్ద పెట్టుకున్నారు. మామూలు వైద్యానికి 30 నిమిషాల ప్రయాణం లేదా 20 రోజుల నిరీక్షణ, స్పెషలిస్టుకైతే 60 నిమిషాలు లేదా 28 రోజులు. అంతకు మించితే రోగి బయటి డాక్టరు దగ్గరికి పోవచ్చు, ప్రభుత్వం కడుతుంది. అక్కడ కూడా అంతా బాగుపడిందని నేను చెప్పను. కానీ వాళ్ళు ఒక పని చేశారు. ఎంత ఖర్చు పెట్టామన్నది మాత్రమే కాక, ఎంతసేపట్లో అందిందన్నది కొలవడం మొదలుపెట్టారు. కొలవనిదాన్ని బాగుచేయలేమని ఇంజనీరుగా నా అనుభవం. మనకు కూడా కావలసింది అదే. ఏ పాలీక్లినిక్‌లో ఏ మందు ఎన్నాళ్ళు లేదు, ఏ ఆసుపత్రి బిల్లు ఎన్ని రోజులు ఆగింది, ఏ ఊరివాడికి ఎంత దూరం అన్నవి జిల్లావారీగా అందరికీ కనపడేట్టు పెట్టాలి.

ఇప్పుడు ముందు వరుసలో ఉన్న పిల్లలకు ఒక మాట. మీలో కొందరు తెల్లవారుజామున రోడ్డు మీద పరుగు తీస్తున్నారని నాకు తెలుసు. సైన్యానికి పోవాలనుకోవడం గొప్ప సంగతి. పోండి. కానీ తెలిసి పోండి. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం ప్రకారం నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు సుమారు 11.71 లక్షల సేవానిధితో బయటికి వస్తారు. వారికి పింఛను లేదు, ఈ ఇ.సి.హెచ్.ఎస్. వైద్యం కూడా వర్తించదు. కాబట్టి అట్లా బయటికి వచ్చినవాళ్ళు ఆ డబ్బులోంచి మొదట ఆరోగ్య బీమా కట్టుకోవాలి. ఈ విషయం ఫారం నింపే రోజే మీకూ, మీ నాయనకూ, అమ్మకూ తెలిసి ఉండాలి. పాతవాళ్ళలో కూడా 15 ఏళ్ళు నిండక ముందే వచ్చేసి, పింఛను లేనివారు ఉన్నారు. వారు కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే కేంద్రీయ సైనిక్ బోర్డు సహాయాలకు దరఖాస్తు చేసుకునే వీలుంది. తెలియక ఎంతోమంది అడగడం లేదు.

ఢిల్లీలో కావలసింది ఢిల్లీలో కావాలి. దానికోసం మన ఎంపీ గారికి, రక్షణ శాఖకు అర్జీ పెడదాం. నెలకు రెండు రోజులైనా ఎమ్మిగనూరులో గానీ ఆదోనిలో గానీ పాలీక్లినిక్ డాక్టరు వచ్చి చూసే ఏర్పాటు కావాలని అడుగుదాం. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మన సంఘం చేయగలిగినవి మూడు ఉన్నాయి.

ఒకటి, మన బడి గదిలోనే నెలకొక ఆదివారం సహాయ కేంద్రం. మండలంలోని మాజీ సైనికులు, వారి భార్యలు కాగితాలతో వస్తే పేర్ల తేడాలు సరిచేసే దరఖాస్తులు, కార్డు దరఖాస్తు, స్పర్శ్‌లో పింఛను పని, మందుల బిల్లులు మనవాళ్ళు నింపి పెట్టాలి. 2021లో రక్షణ శాఖ మొదలుపెట్టిన సేహత్ అనే ఆన్‌లైన్ ఓ.పి. ఉంది. ఫోనులో డాక్టరుతో మాట్లాడవచ్చు. ముసలివాళ్ళకు ఆ ఫోను పట్టుకుని చూపించడానికి తొమ్మిది, పది తరగతుల పిల్లలు చాలు. వాళ్ళకూ సేవ నేర్పినట్టవుతుంది.

రెండు, ఒక కాగితం. పాలీక్లినిక్ ఫోను నంబరు, ఈ నెల కార్డు తీసుకుంటున్న ఆసుపత్రులు ఏవి, అత్యవసరంలో 48 గంటల నియమం ఏమిటి అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చువేసి ప్రతి మాజీ సైనికుడి ఇంట్లో గోడకు అంటించాలి. మూడు నెలలకొకసారి ఫోన్లు చేసి, అడిగి, మార్చాలి. అర్ధరాత్రి వెతుక్కునే పని ఉండకూడదు.

మూడు, తిరిగే నిధి. ఇది విరాళం కాదు, చేబదులు. అత్యవసరంగా డబ్బు కట్టి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు వడ్డీ లేకుండా ఈ నిధి నుంచి ఇస్తాం. ప్రభుత్వం నుంచి బిల్లు డబ్బు వచ్చాక తిరిగి కడతారు. అదే డబ్బు ఇంకొకరికి పోతుంది. ఏ ఇల్లాలూ ఆసుపత్రి కౌంటరు ముందు మెడలోది తీయకూడదు. అందుకే ఈ నిధి. దీనికి నా వంతుగా లక్ష రూపాయలు ఈ రోజు సంఘం కోశాధికారి గారికి ఇస్తున్నాను. లెక్కలు ఏటా ఈ సభలోనే చదివి వినిపించాలన్నది ఒక్కటే నా షరతు.

ఈ మూడూ చేయడానికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. ఓపిక ఉన్న పదిమంది, ఒక గది, ఒక రిజిస్టరు చాలు. రిజిస్టరు నేను తెచ్చాను. అల్పాహారం బల్ల దగ్గర పెట్టి ఉంటుంది. నెలకొక ఆదివారం ఇవ్వగలిగినవారు పేరు, ఫోను నంబరు రాయండి. మన మండలంలో మీకు తెలిసిన మాజీ సైనికులు, సైనికుల భార్యలు ఉంటే వెనక పేజీలో వాళ్ళ ఊరు, పేరు రాయండి. మొదటి కేంద్రం వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున పది గంటలకు, మన పదో తరగతి గదిలోనే.

 సెలవు. జై హింద్.